బి సైడు మంగళహారతి

నల్లగండ్ల ఫ్లైఓవర్ ముందు ట్రాఫిక్ ఆగిపోతే నా నోరు మొదలవుతుంది. ముందున్న ఆటోని, పక్కనున్న వాటర్ ట్యాంకర్‌ని, ఈ రోడ్డు గీసిన ఇంజనీరుని, ఆ ఇంజనీరుకి డిగ్రీ ఇచ్చిన కాలేజీని వరసగా తిట్టుకుంటూ పోతాను. యాభై ఒక్క ఏళ్ళొచ్చినా ఈ గుణం తగ్గలేదు. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదని మా అమ్మ ఎప్పుడో తేల్చేసింది.

వారానికి మూడు రోజులు ఆఫీసుకి రావలసిందేనని కంపెనీలు పట్టుబట్టినప్పటి నుంచీ నేనూ, మా పక్క టవర్లో ఉండే డేటాబేస్ నిపుణుడొకడూ తెల్లాపూర్ నుంచి హైటెక్ సిటీకి ఒకే కారులో వెళ్తున్నాం. కారు అతనిది, తిట్లు నావి. సిద్దిపేట వైపు మనిషి. నలభై దాటాయి, నన్ను అక్కా అంటాడు. ఆదివారాలు బెడ్‌రూమ్ తలుపు బిగించుకుని గిటారు వాయిస్తాడు. ఆ రోజు నా నోటికి తట్టుకోలేక కారులో ఏదో పాట పెట్టాడు.

"అక్కా, జర గిది ఇనుండ్రి. మనసు సల్లవడ్తది," అన్నాడు.

మనసు చల్లబడే పాట కాదది. డ్రమ్ములు దడదడలాడాయి, గిటారు కీచుమంది, ఎవడో గొంతు చించుకుని ప్రేమించానన్నాడు. నాకు మాత్రం ఒళ్ళు ఝల్లుమంది. ఈ జాతి పాటలు నేనెరుగుదును. మగాళ్ళే జుట్టు గంపలా పైకి లేపి, పెదాలకి రంగూ కళ్ళకి కాటుకా పెట్టి, బిగుతు ప్యాంట్లు తొడుక్కుని పాడే గ్లామ్ మెటల్. తొంభైల మొదట్లో దానికవి చివరి రోజులు.

"ఈ పాటలు నీకెక్కడ దొరికాయయ్యా?" అని అడిగాను.

"గివే నా పిచ్చి అక్కా. పెద్ద బ్యాండులను అందరు ఇంటరు. ఒక్క క్యాసెట్ తీసి కతమైనోళ్ళు ఉంటరు సూడుండ్రి, గసుంటోళ్ళను దేవులాడి పట్టుకుంట," అన్నాడు. ఆ తర్వాత గచ్చిబౌలి దాకా అదే పాఠం. పాపం వాళ్ళు ఆలస్యంగా పుట్టారట. జుట్టు పెంచి, జిగేలుమనే బట్టలు కుట్టించుకుని క్యాసెట్టు బజారులోకి తెచ్చేసరికి, రంగూ హంగూ లేకుండా, తలైనా దువ్వుకోకుండా, దిగాలుగా పాడే కుర్రాళ్ళు వచ్చారట. జనం అటు తిరిగిపోయారట. "మాసిన అంగీలోళ్ళు అచ్చి వీళ్ళ దుకాణం బంద్ వెట్టిచ్చిన్రు," అన్నాడు నిట్టూరుస్తూ, సొంత దుకాణం మూతబడినట్టు.

అప్పుడు నేనొక బృందం పేరు చెప్పాను. ఆ పేరు ఇక్కడ రాయను. రాసినా మీకు తెలియదు, తెలిసిన ఒక్కడూ ఆ కారు నడుపుతున్నాడు. గచ్చిబౌలి సిగ్నల్ దగ్గర ఇంకో ట్యాంకర్ వెనక బండి అప్పటికే ఆగి ఉంది కాబట్టి సరిపోయింది గాని, లేకపోతే ట్యాంకర్ కిందికి పోయేవాళ్ళం.

"గా పేరు మీకెట్ల తెల్సు అక్కా? ఏడేండ్ల సంది దేవులాడుతున్న. ఏ యాప్‌ల లేదు. పాటల పేర్లు దొర్కినయ్ గాని ఒక్క పాట దొర్కలే!"

"మా ఇంట్లో ఉందయ్యా క్యాసెట్టు. లాఫ్ట్ మీద పాత సూట్‌కేసులో ఉండాలి. కాకపోతే ఎ సైడే ఉంది."

"మరి బి సైడు?"

"బి సైడు మీద మా అమ్మ మంగళహారతులు ఎక్కించేసింది."

అతను స్టీరింగ్ మీద తల వాల్చేశాడు. హారన్ బారుమని మోగింది. ముందున్న ట్యాంకర్ డ్రైవరు తల బయటపెట్టి, ఆ రోజుకి తిట్టే పని తను తీసుకున్నాడు.

*

కాకినాడలో మా నాన్నగారు రేవు దగ్గర ఒక ప్రభుత్వ ఆఫీసులో గుమాస్తా. ఓడల కాగితాలు చూసే పని. నేను ఇంటర్ చదివే రోజుల్లో, ఓడలో పనిచేసే విదేశీయుడెవరో వెళ్తూ వెళ్తూ ఆయన చేతిలో ఆ క్యాసెట్టు పెట్టి పోయాడు. అది లంచం కిందికి వస్తుందా రాదా అని నాన్నగారు రెండు రోజులు మథనపడి, పని అయిపోయాక ఇచ్చాడు కాబట్టి రాదని తీర్పు చెప్పుకుని ఇంటికి తెచ్చారు. పాటల కోసం కాదు. క్యాసెట్టు నెత్తిన ఉన్న రెండు కన్నాలకి కాగితం ముక్కలు అతికిస్తే ఎవరి పాట మీదైనా మన పాట ఎక్కించుకోవచ్చు. ఖాళీ క్యాసెట్టు డబ్బు పెట్టి కొనేవాళ్ళని మా వీధిలో దుబారా మనుషులనేవారు.

అట్ట మీద నలుగురు నిలబడి ఉన్నారు. భుజాల కిందికి దిగిన బంగారు రంగు జుట్టు, ఎర్రటి పెదాలు, చెవులకి లోలకులు, చేతులకి గాజుల్లాంటివి. అమ్మ దాన్ని వెలుతురులో పెట్టి తిప్పి తిప్పి చూసింది.

"ఎవరే ఈ పిల్లలు? దబ్బపండు ఛాయలో ఉన్నారు. ఆ జుట్టు చూడవే, చుక్క నూనె ఎరగదు. చక్కగా తలదువ్వి జడేస్తే ఎంత బాగుంటారో! ముఖ్యంగా ఈ కుడివైపు పిల్ల," అంది.

పదహారేళ్ళ దాన్ని, నాకు తెలుసు. వెనకాల పేర్లున్నాయి, అన్నీ మగపేర్లే. కానీ ఆ సంగతి చెప్తే క్యాసెట్టు, దానితో పాటు టేప్‌రికార్డరు, రెండూ వీధి కాలవలోకి వెళ్తాయి. మగాళ్ళ బొమ్మలున్న క్యాసెట్టు పెట్టుకుని ఆడపిల్ల గదిలో కూర్చుంటే మా నాయనమ్మ ఊరుకునేదా? అమ్మ పొరపాటు నాకు వరమైంది. నోరు మూసుకున్నాను. మరి గొంతు మగగొంతులా ఉందేమని ఎదురింటావిడ అడిగితే అమ్మే జవాబు చెప్పింది. "మంచు దేశాలు కదండీ, గొంతు పట్టేసుంటుంది. మిరియాల కషాయం కాచిచ్చే దిక్కు లేదు పాపం!"

ఒప్పందం ఏమిటంటే, ఎ సైడు నాది, బి సైడు అమ్మది. ఒక శుక్రవారం మధ్యాహ్నం మా నడవలో పదిమంది ఆడవాళ్ళు కూర్చుని హారతులన్నీ పాడి దాని మీదికి ఎక్కించారు. మధ్యలో కుక్కరు మూడు విజిళ్ళు కూడా వేసింది. నిడివి చాలక టేపు ఆఖర్న కొంచెం మిగిలింది. "ఆపవే, ఆపు!" అని అమ్మ గొంతు, టక్‌మని చప్పుడు, ఆ వెంటనే చెరగకుండా మిగిలిన ఒక పాట తోక. ఒక గిటారు, మెత్తగా ఒక గొంతు, ఒక్క అర నిమిషం. ఆ పాట మొదలేమిటో నాకు గుర్తు లేదు. చెరిపెయ్యక ముందు బి సైడు ఒకటి రెండుసార్లు విన్నానేమో. ఆ తోక మాత్రం ఎన్నిసార్లు విన్నానో లెక్క లేదు. దాన్ని వినాలంటే ముందు హారతులన్నీ వినాలి మరి. నాకు హారతులు కంఠతా వచ్చింది అలాగే. మా అత్తగారు నా భక్తికి మురిసిపోయింది కూడా.

డిగ్రీ అయ్యాక హైదరాబాదులో కంప్యూటర్ కోర్సు చేస్తానన్నాను. కోర్సు చేసినవాళ్ళని చేసినట్టే ఉద్యోగాల్లోకి తీసుకుంటున్న రోజులవి. నాన్నగారు వద్దన్నారు. తిట్టలేదు, కసరలేదు, "ఊరు కాని ఊరు" అని ఒకే మాట. మూడు వారాలు ఇల్లంతా అదే మాట. నేను అలిగాను, అన్నం మానేశాను, మళ్ళీ ఆకలేసి తిన్నాను.

చివరికొక రోజు నాన్నగారు భోజనానికి కూర్చోగానే అమ్మ ఆ క్యాసెట్టు పెట్టె తెచ్చి విస్తరి పక్కన పెట్టింది.

"ఇదిగో చూడండి. నలుగురు ఆడపిల్లలు. వీళ్ళకి అమ్మానాన్నా లేరా? జుట్టు విరబోసుకుని, వాయిద్యాలు భుజానేసుకుని దేశాలు తిరిగి పాడుతున్నారు. వీళ్ళ పాట ఓడెక్కి మన కాకినాడ దాకా వచ్చింది. మన పిల్ల ఒక్క రాత్రి రైలెక్కితే కొంపలంటుకుపోతాయా?"

నేను వంటింటి గుమ్మంలో ఉన్నాను. పెట్టె లాక్కుందామని రెండడుగులు వేసి ఆగిపోయాను. ఎందుకంటే ఆ అట్ట లోపలి మడతలో ఇంకో ఫొటో ఉంది. అందులో కుడివైపు పిల్ల, అదే అమ్మకి జడెయ్యాలనిపించిన పిల్ల, చొక్కా బొత్తాలన్నీ విప్పేసి ఉంటాడు. ఛాతీ నిండా వెంట్రుకలు. నాన్నగారు కళ్ళజోడు పెట్టుకుని పెట్టె అటూ ఇటూ తిప్పి చూశారు. మడత విప్పలేదు. "ఆలోచిద్దాం," అని చెయ్యి కడుక్కోవడానికి లేచారు.

మర్నాడు ఆయన ఆఫీసుకి వెళ్ళగానే ఆ లోపలి మడత చించి దాచేద్దామని పరిగెత్తాను. చూస్తే అది అప్పటికే లేదు. మడత మీద తిన్నగా చించేసి ఉంది. పక్కింటమ్మాయి క్యాసెట్టు అడిగి తీసుకెళ్తూ ఉండేది, అది కొట్టేసిందనుకుని నెల రోజులు దానితో మాట్లాడలేదు. పోన్లే, నా మంచికే పోయిందనుకున్నాను. నాలుగోనాడు నాన్నగారు, "సరే, వెళ్ళనీ," అన్నారు.

ఇదీ మా ఇంటి చరిత్ర. నలుగురమ్మాయిల్ని చూపించి అమ్మ నాన్నగారిని ఎలా ఓడించిందో పెళ్ళిళ్ళలో, పేరంటాల్లో, మా పుట్టింటా అత్తింటా వినని వాళ్ళు లేరు. నేను కూడా ఆఫీసులో చెప్పుకున్నాను. ప్రతిసారీ విలన్ వేషం నాన్నగారిదే. ఆయన పక్కనే కూర్చుని పేపరు చదువుకునేవారు.

*

తొమ్మిదేళ్ళుగా అమ్మా నాన్నగారూ తెల్లాపూర్‌లో మా దగ్గరే ఉంటున్నారు. నాన్నగారికి ఎనభై ఒకటి. రోజూ పొద్దున్నే పేపర్లో పదవినోదం గళ్ళని స్టీలు స్కేలు ఆనించి తిన్నగా చించుకుని, బాల్కనీలో కూర్చుని నింపుతారు. అమ్మకి డెబ్భై ఆరు. నిరుడు చలికాలంలో రెండు కళ్ళకీ శుక్లాల ఆపరేషన్ అయింది. అప్పటి నుంచీ గోడ మీది బల్లి కాలివేళ్ళు కూడా లెక్కపెడుతోంది. పనమ్మాయి తుడిచిన చోటికి వెళ్ళి మళ్ళీ తుడుస్తోంది.

లాఫ్ట్ మీంచి క్యాసెట్టు దింపిన ఆదివారం మా కారు తమ్ముడు తన పాత క్యాసెట్ డెక్కు మోసుకొచ్చాడు. ఎ సైడు కొంచెం వణికింది గాని బతికే ఉంది. అయిదు పాటలకీ అతను కళ్ళు మూసుకుని తలాడించాడు. బి సైడు తిప్పగానే అమ్మ వంటింట్లోంచి గరిటెతో సహా వచ్చేసింది.

"ఒసేయ్, అది నా గొంతే! ఆ కీచు గొంతు ఎదురింటావిడ. ఈ తప్పు తాళం మీ నాయనమ్మ!" అని మురిసిపోయింది. ఖాళీ పెట్టె చేతిలోకి తీసుకుని, "ఆ పిల్లలు ఇప్పుడేం చేస్తున్నారో! మనవలు కూడా పుట్టుంటారు," అంది.

తమ్ముడు నా వైపు చూశాడు. నేను టీ కలపడానికి లేచిపోయాను.

మూడు వారాల తర్వాత ఆఫీసు లిఫ్టు దగ్గర అతను ఫోను ఊపుకుంటూ వచ్చాడు. "దొర్కిన్రు అక్కా! డ్రమ్ములాయననే పాటలన్నీ నెట్‌ల వెట్టిండు. కొత్త వీడియో గూడ ఉన్నది!" ఎవరిదో కార్ షెడ్డు. నలుగురు తాతలు. పొట్టలు, నడుముకి బెల్టులు, చెవుల్లో అవే లోలకులు. అమ్మ జడెయ్యాలనుకున్న వాడి నెత్తి మీద ఒక్క వెంట్రుక లేదు. కానీ వాయిస్తుంటే నలుగురి మొహాలూ వెలిగిపోతున్నాయి. ఇంటికొచ్చేటప్పుడు కారులో బి సైడు మొత్తం విన్నాం. ఆఖరి పాట మొదలైంది. ముప్పై అయిదేళ్ళుగా తోక మాత్రమే తెలిసిన పాటకి తల, మొండెం అన్నీ వచ్చాయి. ఆ అర నిమిషం రాగానే నాకు తెలియకుండానే ముందు "ఆపవే, ఆపు!" అనేశాను. ఇద్దరం పగలబడి నవ్వాం. నల్లగండ్ల దగ్గర ఇరవై నిమిషాలు ఆగినా ఆ సాయంత్రం నేను ఎవరినీ తిట్టలేదు.

అక్కడితో ఆగితే బాగుండేది. మా కమ్యూనిటీలో మహిళా దినోత్సవానికి పెద్దావిడలెవరైనా అయిదు నిమిషాలు మాట్లాడాలని కల్చరల్ కమిటీ వాళ్ళు అమ్మని అడిగారు. అమ్మ ఎగిరి గంతేసింది.

"మా అమ్మాయిని ఉద్యోగానికి ఎలా పంపించానో చెప్తాను. ఆ నలుగురు పిల్లల ఫొటో వెనకాల పెద్ద తెర మీద వెయ్యాలి. ఏమే, నీకిప్పుడు దొరికారటగా, ఇప్పటి ఫొటో కూడా వేయించు. ముసలాళ్ళయ్యాక ఎలా ఉన్నారో అందరూ చూస్తారు," అంది. మధ్యాహ్నమే కొత్త చీరకి ఫాల్ కుట్టించడానికి ఇచ్చింది. అద్దం ముందు నిలబడి ప్రసంగం అప్పజెప్పుకుంటోంది. "నలుగురు ఆడపిల్లలండీ" అన్న చోట ప్రతిసారీ చెయ్యి పైకెత్తుతోంది.

నేను ఆ దృశ్యం ఊహించుకున్నాను. క్లబ్ హౌస్ నిండా జనం. తెర మీద గ్లామ్ మెటల్ మగాళ్ళు. కుర్రకారుకి ఒక్క చూపు చాలు, హాలంతా ఘొల్లుమంటుంది. మా అమ్మ జీవితంలో ఒక్కసారి ఒక పెద్ద మాట గట్టిగా అంది, దాని మీదే ముప్పై ఏళ్ళు తలెత్తుకు తిరిగింది. అది నలుగురిలో నవ్వులపాలైతే ఆవిడ తట్టుకోలేదు. చెప్పకుండా పోనిద్దామంటే ఫొటో లేకుండా స్టేజీ ఎక్కనంటోంది.

"ఫికర్ చెయ్యకుండ్రి అక్కా," అన్నాడు కారు తమ్ముడు. మర్నాటికల్లా ఏఐతో ఒక ఫొటో చేయించుకొచ్చాడు. నలుగురు తెల్ల ముసలమ్మలు, గిటార్లు, నెరిసిన జుట్టు, నవ్వు మొహాలు. కుడివైపావిడకి జడ కూడా వేయించాడు మహానుభావుడు. చూడటానికి ముచ్చటగా ఉంది. ఒక రోజంతా ఆ ఫొటో ఫోనులో పెట్టుకుని తిరిగాను. అప్పుడంటే పదహారేళ్ళ పిల్లని, భయపడి ఊరుకున్నాను. ఇప్పుడు ఈ ఫొటో వేస్తే పనిగట్టుకుని మా అమ్మని మోసం చేసినట్టు. నా మీద నాకే చిరాకేసింది. ఫొటో తీసేశాను.

ఆదివారం పొద్దున అమ్మ పెసరట్టు వేస్తుంటే చెప్పేశాను. నాన్చకుండా ఒక్క ఊపిరిలో చెప్పాను. వీడియో కూడా చూపించాను. ఆపరేషన్ చేసిన కళ్ళు కదా, రెండోసారి చూడాల్సిన పని లేకపోయింది. పెనం మీద అట్టు మాడింది. స్టవ్ నేనే కట్టేశాను.

"నీకెప్పుడు తెలుసు?" అంది.

"మొదటి రోజే."

"అంటే ఇన్నేళ్ళూ నేనా మాట చెప్తుంటే నువ్వు లోపల్లోపల నవ్వుకున్నావన్న మాట."

"నవ్వలేదమ్మా, ఒట్టు. మొదట్లో క్యాసెట్టు పోతుందని భయం. తర్వాత హైదరాబాదు పోతుందని భయం. ఆ తర్వాత నువ్వు బాధపడతావని భయం."

అమ్మ కొంగుతో చేతులు తుడుచుకుని వెళ్ళి తన గదిలో కూర్చుంది. తిట్టినా బాగుండేది. తినను అనలేదు గాని రెండు ముద్దలు తిని లేచింది. "ఆ కమిటీ వాళ్ళకి నా పేరు కొట్టెయ్యమని చెప్పు. మగాళ్ళని చూపించి ఆడపిల్లని పంపించానా నేను? ఎంత తెలివితక్కువదాన్ని!" అని ఒక్క మాటంది, అంతే.

సాయంత్రం నాన్నగారు బాల్కనీలోంచి లేచారు. మేం మాట్లాడుకున్నదంతా పొద్దున్నించీ వింటూనే ఉన్నారు. నెమ్మదిగా లోపలికి వెళ్ళి తన ఇన్సూరెన్సు కాగితాల అట్ట ఫైలు తెచ్చి భోజనాల బల్ల మీద పెట్టారు. నాడా విప్పారు. పాత రేషన్ కార్డు తీసి పక్కన పెట్టారు, నా పదో తరగతి మార్కుల జాబితా తీసి పక్కన పెట్టారు. దాని కింద నుంచి చిన్న మెరుపు కాగితం ఒకటి తీసి బల్ల మీద పరిచి, వేలితో చదును చేశారు.

నలుగురు. కుడివైపు వాడి చొక్కా బొత్తాలన్నీ విప్పి ఉన్నాయి. కాగితం ఒక అంచు స్కేలు పెట్టి చింపినట్టు తిన్నగా ఉంది.

"మీ అమ్మని పిలు," అన్నారు.

అమ్మ వచ్చి చూసింది. కాగితాన్ని చూసి, ఆయన్ని చూసి, మళ్ళీ కాగితాన్ని చూసింది.

"ఇది నేనే చింపాను. నువ్వు పెట్టె చూపించిన రోజే. మీరిద్దరూ వంటింట్లో ఉండగా విప్పి చూశాను," అన్నారు నాన్నగారు.

"మరి అప్పుడే అనకపోయారా, వీళ్ళు మగాళ్ళే పిచ్చిదానా అని?"

"అంటే నువ్వు ఊరుకునేదానివి. పిల్ల ఇంట్లో ఉండిపోయేది."

"మూడు వారాలు వద్దు వద్దన్నది మీరే కదండీ!"

"భయమే. ఊరు కాని ఊరు. పంపాలనీ ఉంది, పంపుతున్నానని చెప్పడానికి నోరూ రాలేదు. నువ్వు గట్టిగా అడిగావు. నువ్వు చెప్పినవన్నీ నిజాలే, ఇదొక్కటి తప్ప. ఇదొక్కటీ మా అమ్మ కంట పడకుండా చూస్తే చాలనుకున్నాను." కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "నువ్వు తెలివితక్కువదానివేం కాదు."

నేను ఏడ్చాను. దాచుకోవడం దేనికి? పక్కింటమ్మాయిని అన్యాయంగా అనుమానించినందుకు కాదు. ముప్పై ఏళ్ళు ఈయన్ని విలన్ని చేసి ఊరూరా చెప్పుకున్నాను, పక్కనే కూర్చుని పేపరు చదువుకున్నారే తప్ప ఒక్కసారి కూడా కాదనలేదు. అమ్మ మాత్రం ఏడవలేదు. కాగితం కళ్ళకి దగ్గరగా పెట్టుకుని చాలాసేపు పరీక్షించింది.

"ఇంత ఒత్తుగా ఉన్నాయేవిటండీ వెధవకి!" అంది. ముందు నాన్నగారి భుజాలు కదిలాయి, తర్వాత అమ్మ కూర్చున్న కుర్చీ కదిలింది. ఇద్దరూ కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వారు. ఇంట్లో అంత నవ్వు విని మా ఆయన స్నానం మధ్యలో ఏమైందని కేకేశాడు.

"అయినా చింపినవాళ్ళు పారెయ్యకుండా దాచారెందుకండీ?" అంది అమ్మ.

"కాగితం పారేస్తానా?" అన్నారు రేవు ఆఫీసు గుమాస్తా గారు.

*

మహిళా దినోత్సవం నాడు క్లబ్ హౌస్‌లో అమ్మ స్టేజీ ఎక్కింది. కొత్త చీర, చేతిలో చీటీ లేదు. వెనక తెర మీద నాన్నగారి ఫైల్లోని ఫొటో, నిలువెత్తున, ఛాతీతో సహా. అనుకున్నట్టే హాలు ఘొల్లుమంది. అమ్మ కంగారు పడలేదు, నవ్వు ఆగేదాకా ఆగింది.

"వీళ్ళు మగాళ్ళేనండీ. నేను ఆడపిల్లలనుకున్నాను. వీళ్ళని చూపించే మా అమ్మాయిని హైదరాబాదు పంపించమని మా ఆయనతో దెబ్బలాడాను. నేనే గెలిచానని ముప్పై ఏళ్ళుగా ఊరంతా చెప్పుకుంటున్నాను. నేను పొరబడ్డానని నాకు మొన్న ఆదివారం తెలిసింది." చెయ్యెత్తి వెనక వరస చూపించింది. "ఆయనకి ఆ రోజే తెలుసు. ఏమండీ, ఒకసారి లేవండి."

నాన్నగారు లేవలేదు. పక్కనున్న కారు తమ్ముడు, "లేవుండ్రి పెద్దనాయనా, అందరు సూస్తున్నరు," అని భుజం పట్టి లేపాడు. చేతిలో ఆ రోజు పదవినోదం కాగితంతో ఆయన నిలబడ్డారు.

"ఆయన తెలిసి ఊరుకున్నారండీ. అందుకే మా అమ్మాయికి ఉద్యోగం వచ్చింది," అని అమ్మ నమస్కారం పెట్టి దిగిపోయింది.

చప్పట్లు మోగుతుంటే కారు తమ్ముడు ఈల వేశాడు. నాన్నగారు మాత్రం ఎవరి వైపూ చూడకుండా కుర్చీలు పట్టుకుంటూ ముందుకి నడిచి, ప్రొజెక్టర్ దగ్గరున్న అమ్మాయిని అడిగి తన కాగితం తను వెనక్కి తీసుకుని, జాగ్రత్తగా జేబులో పెట్టుకున్నారు.